స్టార్టు దగ్గర తొందరపడకు బిడ్డా

బిడ్డా, నువ్వు పట్టుకున్న పని మంచిదే. తప్పుపట్టడానికి చెబుతున్న మాటలు కావివి. మోటార్లకు, పంపులకు, బెల్టులకు తగిలించిన సెన్సార్ల నుంచి రాత్రీ పగలూ వచ్చిపడే అంకెలను ఏ మనిషీ కూర్చుని చదవలేడు. వాటిలోంచి ‘ఈ మోటారు ఫలానా టైముకు స్టార్టయింది, ఇంత కరెంటు లాగింది, ఇన్ని సెకన్లలో కుదురుకుంది’ అని ఒక్క వరస తీసి చేతిలో పెడితే షిఫ్టులో ఉన్నవాడికి ఎంతో మేలు. చేయి, తప్పకుండా చేయి. కానీ తొందరపడకు. నీ వయసులో చేతికొచ్చిన పని సాయంత్రానికల్లా ముగించెయ్యాలనిపిస్తుంది. ఇది అలా ముగిసే పని కాదు. స్టార్టు అంటే ఏమిటో సరిగా తేల్చుకోకుండా వరసలు తీశావంటే ఏళ్ల తరబడి ఆ వరసలు అబద్ధం చెబుతూ పోతాయి. అబద్ధం చెబుతున్నాయని ఎవరికీ తెలియను కూడా తెలియదు.

లెక్క చూడు. ఒక్క సెన్సారు సెకనుకొకటి చొప్పున రీడింగు పంపితే రోజుకు 86,400 అంకెలు. ఒక బెల్టు డ్రైవుకు కరెంటు, వోల్టేజి, స్పీడు, వైండింగ్ వేడి, గేర్‌బాక్సు వేడి, బేరింగుల అదురు, అన్నీ కలిపి పది సెన్సార్లున్నాయనుకుందాం. రోజుకు 8,64,000. ఏడాదికి 31 కోట్ల 53 లక్షల పైమాటే. ఆ బెల్టు రోజుకు ఆరుసార్లు స్టార్టయి, ఒక్కోసారి పదిహేను సెకన్లు తీసుకుందనుకో. రోజు మొత్తంలో నువ్వు కళ్లు పెట్టి చూడాల్సింది ఒకటిన్నర నిమిషం. మిగతాదంతా తిరిగేది తిరుగుతూనే ఉందని, ఆగింది ఆగే ఉందని చెప్పిందే చెప్పడం. అందుకే కుదించాలి, కాదనను. ఆ ఒకటిన్నర నిమిషంలోనే మోటారు తన గుట్టంతా బయటపెడుతుంది కాబట్టి దాన్ని కుదించేటప్పుడు మాత్రం చెయ్యి ఆచితూచి కదలాలి.

ఇలా కుదించి రాయడం మన ఇల్లందుకు ఎవరో వచ్చి నేర్పాల్సింది కాదు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గుందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇవాళ హెడ్డాఫీసు కొత్తగూడెంలో ఉన్నా, గనులు గోదావరి పొడుగునా ఎంత దూరం పాకినా పుట్టిల్లు మాత్రం ఇదే. పెద్దవాళ్లు బొగ్గుట్ట అని పిలిచే ఈ ఊళ్లో మోటారు చప్పుడు విని ‘ఇది సరిగ్గా అందుకోలేదు’ అనగలిగిన పంపు ఖలాసీలు, బొగ్గు తొట్లు లాగే హాలర్ల ఆపరేటర్లు వాడవాడకూ ఉండేవాళ్లు. వాళ్లు రాసిన లాగ్‌బుక్కులు ఎక్కడైనా దొరికితే చూడు. ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి. షిఫ్టంతా కలిపి నాలుగు వరసలు. నువ్వు కంప్యూటరుతో చేయబోయేదీ ఇదే పని. వాళ్లు ఎనిమిది గంటలు మోటారు పక్కన ఉండి కుదించారు, నువ్వు దాని మొహం చూడకుండా కుదిస్తున్నావు. నా బెంగ అక్కడే ఉంది.

బొగ్గు గనికి మొదటినుంచీ పెద్ద బెడద నీళ్లే. 1712లో ఇంగ్లండులో డడ్లీ దగ్గర న్యూకామెన్ ఆవిరి ఇంజను పెట్టింది బొగ్గు గనిలో నీళ్లు తోడటానికే. తర్వాతి కాలంలో జేమ్స్ వాట్, బౌల్టన్ కలిసి కార్న్‌వాల్ గనులకు పంపు ఇంజన్లు పెట్టారు. పాత ఇంజనుతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయిందో లెక్కగట్టి అందులో మూడో వంతు విలువ తమకివ్వాలని ఒప్పందం. దానికి ఇంజను ఎన్ని స్ట్రోకులు కొట్టిందో తెలియాలి. అందుకని ఊగే దూలానికి తాళం వేసిన ఓ చిన్న లెక్కపెట్టె బిగించారు. నెలల తరబడి నడిచిన ఇంజను సంగతంతా చివరికి ఒక్క అంకె. డబ్బు లెక్కకు అది చాలు. ఇంజను ఏ పూట మొరాయించిందో, దాన్ని కదిలించడానికి ఎంతమంది ఎన్ని తిప్పలు పడ్డారో ఆ పెట్టె చెప్పదు. చెప్పడానికి దాన్ని పెట్టనూ లేదు. ఎవరు అడిగే ఏ ప్రశ్నకోసం కుదిస్తున్నావో అది ముందు తేల్చుకో. డబ్బు లెక్క అడిగేవాడికి కావాల్సింది ఒకటి, ఫిట్టరుకు కావాల్సింది ఇంకొకటి. అది తేలకముందే కోడ్ రాయడానికి కూర్చోకు.

జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకొచ్చిన తల్లి మాట ఎప్పుడైనా విన్నావా? అడవి అంచున బతికేవాళ్లం, మలేరియా మనకు కొత్త కాదు. డాక్టరు అడగ్గానే ఆమె గంట గంటకూ ఒళ్లు ఎంత వేడిగా ఉందో అప్పజెప్పదు. రాత్రంతా కలిపి సగటున ఇంత జ్వరం అనీ చెప్పదు. ‘పొద్దుగూకాక చలి మొదలైందయ్యా, రెండు దుప్పట్లు కప్పినా వణికాడు, తర్వాత ఒళ్లు పేలిపోయింది, తెల్లారగట్ల చెమట పట్టి దిగింది, మొన్న కూడా ఇదే వేళకు వచ్చింది’ అంటుంది. డాక్టరుకు సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఎప్పుడు మొదలైంది, ఎందాకా పోయింది, ఎంతసేపటికి దిగింది, ఇంతకుముందు ఎప్పుడొచ్చింది. నీ వరసలో ఉండాల్సినవీ ఇవే.

సగటు మీద నీకున్న నమ్మకం చూస్తే నాకు భయమేస్తుంది. 415 వోల్టుల మీద నడిచే 100 హెచ్‌పీ పంపు మోటారు ఒకటి తీసుకో. ఫుల్ లోడ్ మీద ఓ 130 ఆంప్స్ తీసుకుంటుంది. నేరుగా లైను మీద స్టార్టు చేస్తే మొదట్లో దానికి ఆరు రెట్లు, అంటే దగ్గర దగ్గర 780 ఆంప్స్ లాగుతుంది. ఆరు సెకన్లు అలా లాగి, తర్వాత 110 దగ్గర కుదురుకుందనుకో. నువ్వు ఆ నిమిషానికంతటికీ సగటు తీశావు. ఎంతొచ్చింది? 177. చూసినవాడు కాస్త లోడు ఎక్కువైందేమో అనుకుని పేజీ తిప్పేస్తాడు. నిమిషానికి ఒక్క రీడింగు పంపే మీటరయితే మరీ అన్యాయం. పదింట తొమ్మిదిసార్లు ఆ ఆరు సెకన్లు దాని కంట పడనే పడవు. వైండింగ్‌కు మాత్రం ఆ ఆరు సెకన్లూ బాగా తెలుసు. రాగి తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరు రెట్లు కరెంటంటే ముప్పయ్యారు రెట్లు వేడి. రోజంతా నడిచినా ఏమీ కాని మోటారు వెంటవెంటనే నాలుగుసార్లు స్టార్టు చేస్తే కాలిపోయేది ఇందుకే. కాబట్టి ఎంత ఎత్తుకు పోయిందో ఉంచు, ఎన్ని సెకన్లు పట్టిందో ఉంచు, కుదురుకున్నాక ఎక్కడ నిలిచిందో ఉంచు. సగటు కావాలంటే నడిచిన కాలానికి తీసుకో, ఎవరూ వద్దనరు. స్టార్టుకు మాత్రం వద్దు.

ఇక అసలు చిక్కు. స్టార్టంటే ఏమిటి? సున్నా నుంచి కరెంటు పైకి లేస్తే స్టార్టు అని ఒక్క లైనులో రాసి పడేశావు. మరి స్టార్ డెల్టా స్టార్టరు సంగతేమిటి? ముందు స్టార్‌లో మొదలవుతుంది, లైను నుంచి లాగే కరెంటు నేరుగా వేసినప్పటిలో మూడో వంతే. మోటారు స్పీడు అందుకున్నాక కాంటాక్టర్లు టకామని డెల్టాకు మారతాయి. ఆ మారే లిప్తకాలం కరెంటు తెగి, మళ్లీ ఒక్కసారిగా ఎగుస్తుంది. నీ ప్రోగ్రాములోని ఆ ఒక్క లైను దాన్ని రెండు స్టార్టులని రాస్తుంది. హాలర్లకు, పెద్ద బెల్టులకు వాడే స్లిప్‌రింగ్ మోటారు ఇంకో రకం. రోటరు రెసిస్టెన్సును మెట్టు మెట్టుగా తీసేస్తూ పోతారు, మెట్టు తీసినప్పుడల్లా కరెంటు ఒకసారి పొంగుతుంది. ఎన్ని పొంగులున్నా జరిగింది ఒక్క స్టార్టే. నెలాఖరున నీ రిపోర్టు పట్టుకుని ‘ఈ మోటారును ఇన్నిసార్లు ఎందుకు ఆపి వేశావు’ అని ఆపరేటరును పిలిచి అడిగితే, పాపం అతను ఏమని చెప్పుకుంటాడు? చేయని తప్పుకు మాట పడాలి. అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.

అందుకే స్టార్టయిందో ఆగిందో తేల్చడానికి కరెంటు గ్రాఫు మీద ఒక్క గీత గీయకు, రెండు గీయి. కరెంటు ఎక్కేటప్పుడు చూడటానికి ఒకటి, దిగేటప్పుడు చూడటానికి అంతకన్నా కిందుగా ఇంకొకటి. దిగినా వెంటనే నమ్మకు, కొన్ని సెకన్లు అలాగే ఉందా అని చూసి అప్పుడు ఆగిందని రాయి. ఆ గీతలు ఎక్కడ పెట్టాలో కూడా మోటారును బట్టే తేల్చుకో. బొగ్గు లేని ఖాళీ బెల్టును తిప్పేటప్పుడు మోటారు ఫుల్ లోడ్ కరెంటులో మూడో వంతో, అటూ ఇటుగానో తీసుకుంటుంది. నువ్వు తోచిన అంకె వేసి సగం దగ్గర గీత గీశావంటే, గిరగిరా తిరుగుతున్న ఖాళీ బెల్టు ఆగి ఉందని రాస్తావు. బొగ్గు పడగానే కొత్తగా స్టార్టయిందని రాస్తావు. బెల్టు దగ్గరకు వెళ్లేవాడు స్క్రీను చూసి వెళ్లకూడదు, సప్లై తీయించి, తాళం వేయించి, పర్మిట్టు తీసుకునే వెళ్లాలి. అది కాదనలేని నిబంధన. అయినా నైట్ షిఫ్టు చివర్లో, అలసిన కళ్లకు ‘ఆగింది’ అన్న మాట కనబడితే కాలు ఎటు పడుతుందో ఎవరు చెప్పగలరు? నువ్వు రాసే ఆ ఒక్క మాటకు అంత బరువుంది.

లేవని స్టార్టులను పారేయొద్దు. ఇది మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకు. వానాకాలంలో తడిసిన బొగ్గు, కిందికి జారే చూట్‌లో బిగుసుకుంటుంది, బెల్టు నిండా బొగ్గుండగానే ట్రిప్పవుతుంది. అప్పుడు దాన్ని లోడుతోనే లేపాలి. బటన్ నొక్కుతారు, మోటారు మూలుగుతుంది, మూడు సెకన్లకో నాలుగు సెకన్లకో రిలే కొట్టేస్తుంది. మళ్లీ నొక్కుతారు. మళ్లీ కొట్టేస్తుంది. మూడోసారి లేస్తుంది. నీ ప్రోగ్రాములో ‘ఐదు సెకన్ల లోపువి లెక్కలోకి తీసుకోకు’ అని ఒక మాట ఉంది చూడు, అది మొదటి రెండింటినీ మింగేస్తుంది. చివరికి నీ వరసలో ‘ఒక స్టార్టు, విజయవంతం’ అని ఉంటుంది. ఆ మోటారు ఆ పూట పడ్డ బాధంతా ఆ రెండింట్లోనే కదా ఉంది! పెద్ద మోటార్లకు తయారుచేసినవాళ్లే హద్దు పెడతారు. మామూలుగా చల్లగా ఉంటే వెంటవెంటనే రెండు, వేడిగా ఉంటే ఒక్కటి, ఆపైన చల్లారేదాకా ఆగాలి. నువ్వు పారేసినవి కలుపుకుంటే ఆ హద్దు దాటారో లేదో తెలుస్తుంది, పారేస్తే ఎన్నటికీ తెలియదు. మూడు నెలల తర్వాత మోటారు కాలి వర్కుషాపుకు వెళ్తుంది, ఎందుకు కాలిందో నీ రికార్డులో వెతికితే ఏమీ ఉండదు. లేచిన దానికి ఎంత వరస రాస్తావో లేవని దానికీ అంతే రాయి. ఏది ఆపింది, ఓవర్‌లోడా, వోల్టేజి పడిపోయిందా, బెల్టును ఆపే పుల్‌కార్డు ఎవరైనా లాగారా, అది కూడా పక్కనే ఉండాలి.

స్టార్టుకు ముందు ఎంతసేపు ఆగి ఉందన్నది కూడా రాయమంటాను. నీకది అనవసరం అనిపిస్తుంది. పాల్వంచ థర్మల్‌లో పనిచేసే వాళ్లెవరినైనా అడుగు, కోల్డ్ స్టార్టు, వార్మ్ స్టార్టు, హాట్ స్టార్టు అని విడివిడిగా చెబుతారు. టర్బైన్ ఎంతసేపు ఆగి ఉంది, దాని లోహం ఎంత చల్లారింది అన్నదాన్ని బట్టి దాన్ని మళ్లీ లేపే పద్ధతే మారిపోతుంది.  భూగర్భ గనిలో పెద్ద ఫ్యానయితే చెప్పనే అక్కర్లేదు. అది ఆగి ఉన్నంతసేపూ లోపల గాలి ఆడదు, గ్యాసు చేరే చోట చేరుతుంది. ‘తెల్లవారుజామున 4.10కి ఫ్యాను స్టార్టయింది’ అని మాత్రమే రాస్తే చదివినవాడికి ఏం తెలిసింది? అంతకుముందు రెండు నిమిషాలు ఆగిందా, రెండు గంటలా? ఆ రెండింటికీ మధ్య మనుషుల ప్రాణాలున్నాయి.

అంకెలు రాని కాలాన్ని సున్నా అనుకోకు. ఓపెన్‌కాస్టులో కేబుల్ తెగొచ్చు, పిడుగు పడి మీటరు మాడొచ్చు, సిగ్నల్ పోవచ్చు. మోటారు తన పాటికి తాను నడుస్తూనే ఉంటుంది. మళ్లీ లైను కలవగానే నీ ప్రోగ్రాము మొదటి అంకె చూసి ‘స్టార్టయింది’ అని సంబరంగా రాస్తుంది. నడుస్తోంది, ఆగింది అన్న రెండు మాటలతో పాటు తెలియదు అన్న మూడో మాట కూడా నేర్పు దానికి. తెలియనిది తెలియదని రాయడంలో నామోషీ లేదు. టైము సంగతి కూడా అంతే. సర్వరు గడియారం గ్రీనిచ్ టైములో ఉంటే దాని అర్ధరాత్రి మనకు పొద్దున ఐదున్నర. రోజు లెక్క అక్కడ తెంపితే నైట్ షిఫ్టు రెండు ముక్కలై, ఒక ముక్క నిన్నటి ఖాతాలో, ఒక ముక్క ఇవాళ్టి ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఏ సెన్సారూ పూర్తిగా చెప్పదు. బెల్టు జాయింటు వేశాక ఫిట్టర్లు దాన్ని ఇంచింగ్ చేసి చూస్తారు. కొంచెం తిప్పడం, ఆపడం, సరిచేయడం, మళ్లీ కొంచెం తిప్పడం. నీ గ్రాఫులో అది వరసబెట్టి లేవని స్టార్టులు పడినట్టే కనిపిస్తుంది. ఇందాక లేవనివి పారేయొద్దన్నాను కదా, అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. మోటారు లేవలేక ఆగిందా, మనిషి కావాలని ఆపాడా? కరెంటు గ్రాఫు చూస్తే కొంత తెలుస్తుంది, ఆ రోజు మెయింటెనెన్స్ పుస్తకం చూస్తే మిగతా తెలుస్తుంది. పుస్తకంలో లేకపోతే మనిషినడుగు. అడగడానికి మొహమాటం ఎందుకు? మీ ఇంట్లోనే ఎవరో ఒకరు సింగరేణిలో చేసి ఉంటారు. నాన్నో, తాతయ్యో, మేనమామో. పండక్కి వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి పక్కన కూర్చుని అడుగు, మోటారు లేవలేనప్పుడు ఎలాంటి చప్పుడు చేసేదో, ఏ వాసన వస్తే పరుగెత్తేవాళ్లో. ఆ మాటలు నీ ప్రోగ్రాముకూ పనికొస్తాయి, వాళ్ల మనసుకూ బాగుంటుంది. నువ్వు అడగవనే వాళ్లు చెప్పరు.

బెల్టు కదిలే ముందు సైరన్ మోగుతుంది. అదెందుకో నీకు తెలుసు. కానీ నీ వరస ఎక్కడ మొదలవుతోంది? కరెంటు లేచిన దగ్గర. అంటే సైరన్ అప్పటికే మోగి అయిపోయింది, నీ వరసలోకి రానే లేదు. స్టార్టుకు ముందు ఓ అర నిమిషం, తర్వాత రెండు నిమిషాలు, సెకను సెకను అంకెలూ కదపకుండా అలాగే తీసి ఆ వరసకు కట్టి ఉంచు. సైరన్ మోగిందా? మోగిన ఎన్ని సెకన్లకు బెల్టు కదిలింది? పక్కనున్న మనిషి తప్పుకోవడానికి ఆ ఎడం చాలా? ఇది కరెంటు కన్నా ముందు చూడాల్సిన అంకె అంటాను నేను. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో వరస క్రమం కూడా ఉంది. బొగ్గు చివరికి వెళ్లి పడే వైపు బెల్టు ముందు లేవాలి, తర్వాత దాని వెనకది, ఆ తర్వాత క్రషరు, అన్నిటికన్నా ఆఖరున ఫీడరు. ఆపేటప్పుడు తిరగేసి. ముందు బెల్టు ఆగి ఉండగా వెనకది లేస్తే బొగ్గంతా చూట్ దగ్గర గుట్టపడుతుంది. విడివిడిగా నాలుగు మోటార్ల స్టార్టులు నాలుగు వరసలు రాసి ఊరుకుంటే ఇది కనపడదు. ఆ నాలుగూ కలిసి ప్లాంటు స్టార్టు అనే ఒక పెద్ద వరస కింద ఉండాలి, ఏది ముందో ఏది వెనకో దాంట్లో తెలియాలి. దీనికోసమైనా అన్ని మీటర్ల గడియారాలూ ఒకటిగా ఉండాలి. ఒకదాని టైము పది సెకన్లు వెనకబడితే చాలు, సక్రమంగా లేచిన ప్లాంటు కూడా నీ రికార్డులో తలకిందులుగా లేస్తుంది.

వరసలు తయారయ్యాయి కదా అని పాత అంకెలు చెరిపేస్తానంటున్నావు. ఏం తొందర? ఇందాకటి 31 కోట్ల అంకెలకు టైముతో సహా ఒక్కోదానికి 16 బైట్లు వేసుకున్నా 5 జీబీ చిల్లర. నీ జేబులో ఫోనుకు అంతకన్నా పెద్ద కార్డుంది. బెల్టులు యాభై ఉన్నా ఒక్క డిస్కు చాలు. చదివేవాడి కళ్లకు తేలిక కావాలని కుదిస్తున్నాం, మూలం పారేయడానికి కాదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడనివ్వు. 45 డిగ్రీలు దాటే మే నెలలో వైండింగ్ స్టార్టుకు ముందే కాగి ఉంటుంది, జూలైలో పంపులు పగలూ రాత్రీ ఆడుతుంటాయి. చలికాలంలో గీసిన గీతలు అప్పుడు నిలుస్తాయో లేదో తేలాలి. తేలాక, నడుస్తున్న కాలపు అంకెలను పలచన చేసుకో, స్టార్టు చుట్టూ ఉన్నవి మాత్రం అప్పుడు కూడా కదపకు. గీతలు మార్చిన ప్రతిసారీ ఏ తేదీన, ఎంత నుంచి ఎంతకు, ఎందుకు మార్చావో రాసి, ప్రతి వరసలోనూ ఏ గీతలతో తీశావో గుర్తు పెట్టు. లేకపోతే మార్చిలో రోజుకు ఆరు స్టార్టులు, ఏప్రిల్‌లో తొమ్మిది అని కనిపించినప్పుడు మారింది మోటారా, నువ్వా అన్నది ఎవరూ చెప్పలేరు. నువ్వు రేపు వేరే ఉద్యోగానికి పోతావు. నీ వెనక వచ్చే పిల్లో పిల్లాడో ఏం చేయాలి?

రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని గీతలు మార్చడం మానుకో. నిద్రమత్తులో మార్చిన అంకె పొద్దున్నుంచే ప్లాంటంతటికీ అమలైపోతుంది. అలారాలు కూడా చేతికొచ్చినన్ని పెట్టకు. షిఫ్టుకు వంద మోగితే రెండో రోజుకల్లా వాళ్లు వినడం మానేస్తారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వేళకు ఇంత తిని పడుకో. పొద్దున లేచాక, ప్రోగ్రాము తెరవకముందే, నిన్నటి స్టార్టులు ఓ నాలుగైదు తీసి మూలం గ్రాఫు నీ కళ్లతో నువ్వే చూడు. అది రోజూ చేసే అలవాటు చేసుకో. కొన్నాళ్లకు గ్రాఫు చూడగానే ఇది ఖాళీ బెల్టు, ఇది లోడు మీద లేచింది, ఇది ఇంచింగ్ అని నీకే తెలిసిపోతుంది.

ప్లాంటంతా ఒకేసారి నెత్తినేసుకోకు. ముందు ఒక్క బెల్టు తీసుకో. నెల రోజుల స్టార్టులన్నిటి గ్రాఫులూ కాగితం మీద ప్రింటు తీయి. ఆ బెల్టు మీద షిఫ్టు చేసే ఆపరేటరు, దాన్ని బాగుచేసే ఫిట్టరు, ఇద్దరి దగ్గరికీ తీసుకెళ్లు. వాళ్ల తీరిక చూసుకుని వెళ్లు, షిఫ్టు మారే హడావిడిలో కాదు. ఏది అసలు స్టార్టో, ఏది ట్రయలో, ఏది లేవలేదో పెన్నుతో గుర్తులు పెట్టమను. నీ ప్రోగ్రాము ఏమందో వాళ్లకు ముందు చెప్పకు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని తేడా వచ్చిన ప్రతి స్టార్టు దగ్గరా ఆగు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఏకీభవించని చోట్ల ఇంకా ఎక్కువసేపు ఆగు, అక్కడే నీ గీతలకు పని ఉంటుంది. వానలు మొదలై బొగ్గు తడిశాక అదే బెల్టు, అదే కాగితం, అదే పెన్నుతో ఇంకోసారి వెళ్లు. రెండోసారి కూడా సరిపోతే అప్పుడు రెండో బెల్టు ముట్టుకో.